సీసం చెప్పిన సాక్ష్యం

బోనెక్కినవాళ్లు సాధారణంగా చెప్పే మాట ఒక్కటే... ‘నాకే పాపమూ తెలియదు’ అని. 1945లో హాలెండ్‌లో అరెస్టయిన ఓ చిత్రకారుడు మాత్రం ‘నేను మోసగాణ్ని, నమ్మండి’ అని మొత్తుకున్నాడు. నమ్మినవాళ్లు తక్కువ! చివరికి అతని మాటలోని నిజాన్ని తిరుగులేకుండా తేల్చింది... ఇంటర్ విద్యార్థులు పరీక్షయ్యాక మర్చిపోయే ఓ చిన్న లెక్క.

ఆ చిత్రకారుడి పేరు హాన్ వాన్ మీగరెన్. అతని మీద పడ్డ అభియోగం చిన్నదేం కాదు. 17వ శతాబ్దపు మహా చిత్రకారుడు వెర్మీర్ గీసిన బొమ్మ ఒకటి నాజీ నాయకుడు గోరింగ్ దగ్గర దొరికింది. అది అతని చేతికి చేరింది మీగరెన్ ద్వారానే. దేశ సంపదను శత్రువుకి అమ్మడమంటే దేశద్రోహం. ప్రాణం మీదకి తెచ్చే నేరం. అప్పుడు బయటపెట్టాడు మీగరెన్ అసలు సంగతి. గోరింగ్‌కి చేరింది వెర్మీర్ బొమ్మ కాదు, తాను గీసిన నకిలీ అని. అదొక్కటే కాదు... రోటర్‌డ్యామ్‌లోని బోయ్‌మన్స్ మ్యూజియంలో అందరూ కళ్లకద్దుకుంటున్న ‘ఎమ్మాయులో శిష్యులు’ కూడా తన చేతి పనే అని.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ బొమ్మ అసలైన వెర్మీరేనని 1937లో సర్టిఫికెట్ ఇచ్చింది సామాన్యుడు కాదు, డచ్చి కళాచరిత్రలో పెద్ద దిక్కనిపించుకున్న అబ్రహాం బ్రేడియస్. దాన్ని కొనడానికి 5 లక్షల గిల్డర్లకు పైగా ఖర్చయింది. అలాంటి బొమ్మ నకిలీదంటే ఎందరి పరువు పోవాలి!

మీగరెన్ పోలీసుల కళ్లెదుటే వెర్మీర్ శైలిలో మరో బొమ్మ గీసి చూపించాడు. నిపుణుల బృందం రంగుల్ని పరీక్షిస్తే, 20వ శతాబ్దంలో పుట్టిన బేకలైట్ తరహా పదార్థం బయటపడింది. 1947 నవంబరులో కోర్టు అతనికి ఫోర్జరీ నేరం కింద ఏడాది జైలుశిక్ష వేసింది. అది అనుభవించకుండానే డిసెంబరు 30న గుండెపోటుతో పోయాడు. అయినా వాదన ఆగలేదు. ‘మిగతావి సరే, ఇంత గొప్ప బొమ్మ మాత్రం అతను వేసి ఉండడు’ అన్నవాళ్లు అప్పటికీ ఉన్నారు. బెల్జియం విమర్శకుడు జాన్ డెకోయెన్ ఆ బొమ్మ వెర్మీర్‌దేనంటూ 1951లో ఏకంగా పుస్తకమే రాశాడు.

తొట్టి... కుళాయి... చిల్లు

ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల పుస్తకంలో అవకలన సమీకరణాలని ఓ పాఠం ఉంటుంది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అంటే పిల్లలకు త్వరగా అర్థమవుతుంది. పేరు చూసి భయపడనక్కర్లేదు. మామూలు సమీకరణం ‘ఎంత ఉంది’ అని అడుగుతుంది. ఇది ‘ఎంత వేగంగా మారుతోంది’ అని చెప్పి, దాన్నుంచి ‘ఎప్పుడు ఎంత ఉంటుంది’ అన్నది కనుక్కోమంటుంది. అందులో మొదటి మెట్టు ప్రథమ పరిమాణ సమీకరణం. అంటే మార్పు వేగం ఒక్కటే ఉంటుంది. ఆ వేగం ఎలా మారుతోందన్న గొడవ ఉండదు.

ఇంట్లో ఉదాహరణే చూద్దాం. అడుగున చిల్లున్న తొట్టి. పైన సన్నగా కారుతున్న కుళాయి. నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత జోరుగా బయటికి పోతాయి. కుళాయి మాత్రం ఒకే తీరుగా పోస్తుంటుంది. మొదట తొట్టి నిండుగా ఉంటే మట్టం గబగబా పడిపోతుంది. పడేకొద్దీ పోయే వేగమూ తగ్గుతుంది. చివరికి ఒకచోట... వచ్చేదీ పోయేదీ సమానమై మట్టం నిలిచిపోతుంది. తొట్టిని ఎంతవరకూ నింపి మొదలుపెట్టినా అంతే. ఆఖరికి చేరేది ఆ మట్టానికే!

కుళాయిని కట్టేస్తే మిగిలేది ఇంకా తేలిక లెక్క. ఉన్నదానిలో ఇంత వంతు పోతుంటుంది. చక్రవడ్డీని తిరగేసినట్టన్నమాట. రేడియోధార్మిక పదార్థాలు తరిగేది సరిగ్గా ఇలాగే. ఉన్నది సగం కావడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. చెట్లలో, ఎముకల్లో ఉండే కార్బన్-14కి అది 5,730 ఏళ్లు. దాని సాయంతో పాత వస్తువుల వయసు కట్టే పద్ధతి కనిపెట్టిన విలార్డ్ లిబీకి 1960లో నోబెల్ కూడా వచ్చింది. కానీ మూడొందల ఏళ్ల నాటిదా, ముప్పై ఏళ్ల కిందటిదా అని తేల్చాల్సిన బొమ్మకి అంత నెమ్మది గడియారం పనికిరాదు. చకచకా నడిచేది కావాలి.

బొమ్మలో గడియారం

అది బొమ్మలోనే ఉంది. పాతకాలం నుంచీ చిత్రకారులు తెల్లరంగు కోసం వాడింది వైట్ లెడ్... అంటే సీసంతో చేసే రంగు. సీసంలో అతి కొద్దిపాళ్లలో సీసం-210 అనే రేడియోధార్మిక రకం ఉంటుంది. దాని అర్ధాయువు 22 ఏళ్లు. భూమిలో ముడిఖనిజంగా ఉన్నంతకాలం, దానితోపాటు ఉండే రేడియం కొత్త సీసం-210ని తయారుచేస్తూనే ఉంటుంది. మన తొట్టి లెక్కలో రేడియం కుళాయి, తరిగిపోవడం చిల్లు.

ఖనిజాన్ని కరిగించి సీసాన్ని వేరుచేసేటప్పుడు రేడియం చాలావరకూ మలినాలతో పాటే పోతుంది. అంటే కుళాయిని దాదాపు కట్టేసినట్టే. అక్కడి నుంచీ సీసం-210 మట్టం పడిపోవడం మొదలవుతుంది. మూడు శతాబ్దాలు గడిస్తే మిగిలిన కాస్త రేడియంతో సమానమైపోవాలి. రంగు కొత్తదైతే రేడియం కంటే సీసం-210 చాలా ఎక్కువ కనిపించాలి.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ కీష్ బృందం 1967, 68ల్లో చేసింది ఈ పరీక్షే. సీసం-210ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి దాన్నుంచి పుట్టే పొలోనియాన్ని కొలిచారు. ‘ఎమ్మాయులో శిష్యులు’ రంగులో గ్రాము సీసానికి నిమిషానికి పొలోనియం విచ్ఛిన్నాలు 8.5 ఉంటే, రేడియంవి 0.8 మాత్రమే. పదిరెట్ల తేడా!

ఇక్కడ లెక్కల మాస్టారు రోజూ గుర్తుచేసే విషయం ఒకటుంది. సమాధానం చివర ‘ప్లస్ సి’ రాయడం మర్చిపోతే మార్కు పోతుంది. విద్యార్థికి అది తద్దినంలా ఉంటుంది. నిజానికి ప్రాణం అందులోనే ఉంది. సమీకరణం చెప్పేది మారే తీరు మాత్రమే. మొదట్లో ఎంత ఉందో చెప్పేది ఆ ‘సి’. వెర్మీర్ కాలంలో గనిలోంచి తీసిన సీసంలో ఎంత సీసం-210 ఉందో ఇప్పుడు ఎవరిని అడగాలి?

అడగక్కర్లేదు, వెనక్కి లెక్కకడితే చాలు. బొమ్మకి 300 ఏళ్లే అనుకుందాం. 22 ఏళ్లకోసారి సగం చొప్పున 13 సార్లకు పైగా తరిగి ఉండాలి. అంటే ఇప్పుడు ఎక్కువగా ఉన్న 7.7, మొదట్లో దానికి 12,700 రెట్లుండాలి... నిమిషానికి సుమారు 98,000. యురేనియం పుష్కలంగా ఉండే అరుదైన ఖనిజాలను దృష్టిలో పెట్టుకున్నా, ఎంత ఉదారంగా లెక్కేసినా అది 30,000 దాటడం అసంభవం. అదే 1937 నాటి బొమ్మ అనుకుంటే మొదట్లో ఉండాల్సింది ఇరవై చిల్లర. ఖనిజాల్లో ఉండటానికి వీలున్న సంఖ్యే!

పండితులు వాదించుకోవచ్చు, మ్యూజియం పరువు గురించి ఆలోచించవచ్చు. సీసానికి ఆ మొహమాటాల్లేవు. అయితే దాని సాక్ష్యానికీ హద్దుంది. అది రంగు వయసు చెబుతుందే కానీ గీసిన చేయి ఎవరిదో చెప్పదు.

సెలైన్ సీసాలోనూ...

ఇదే లెక్క ఆసుపత్రిలోనూ ఉంది. డ్రిప్ ద్వారా మందెక్కిస్తుంటే అది కుళాయి. దాన్ని బయటికి పంపే లివరూ, కిడ్నీలూ చిల్లు. చాలా మందులు రక్తంలో ఎంత ఎక్కువుంటే అంత వేగంగా పోతాయి. నాలుగైదు అర్ధాయువులు గడిచేసరికి మట్టం దాదాపు నిలకడకొస్తుంది. మాత్ర ఆరు గంటలకోసారా, రోజుకొక్కటా అన్నది తేల్చడంలో ప్రధానంగా చూసేదీ ఈ అర్ధాయువునే.

కిడ్నీలు మందగించిన నాయనమ్మకి ఆ చిల్లు సన్నబడుతుంది. కుళాయి మాత్రం అంతే ఉంటే మట్టం పైకి పోతుంది. అందరికీ మందయ్యే డోసే ఆమెకి విషమవుతుంది. డాక్టర్లు క్రియాటినిన్ పరీక్ష చేయించి కొన్ని మందుల డోసు తగ్గించేది, పూటకీ పూటకీ మధ్య ఎడం పెంచేది ఇందుకే. పక్కింటావిడకి పనిచేసిన మాత్రని మనింట్లోవాళ్లకీ వేసేయడం ఎందుకు ప్రమాదమో ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం.

‘ఈ లెక్కలు నేర్చుకుని ఏం చేయాలి’ అని పిల్లలు విసుక్కుంటే ఈసారి చిల్లు తొట్టి సంగతి చెప్పండి. సూత్రం అందరికీ ఒకటే. ఎంతతో మొదలైంది, ఎంత వేగంగా తరుగుతోంది అన్నవి మాత్రం ప్రతి బొమ్మకీ, ప్రతి మనిషికీ వేరు. వాటిని విడిగా కనుక్కోవాల్సిందే.