మా పాతకారు బ్రేకు

కారు మరమ్మతునుగూర్చి స్త్రీల పత్రికకు వ్యాసము వ్రాయుట కొందఱు సోదరీమణులకు వింతగా దోపవచ్చును. నాకును నిరుటి కార్తికమాసము వఱకు నట్లే దోచెడిది. మా యింటిలో కారు నడపునది నేనే యైనను, దాని యంత్రముల సంగతి మగవారు చూచుకొందురులే యని నిశ్చింతగా నుండెడిదానను. ఆ నిశ్చింత యెట్లు పోయెనో, పిదప నేనేమి నేర్చుకొంటినో చెప్పుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది నిడమనూరు. మిర్యాలగూడనుండి హాలియా పోవు త్రోవలో నున్నది. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత మా ప్రాంతము వరిపొలములకు నిలయమైనది. కోతల కాలము వచ్చినచో మా రోడ్లే కళ్లములు. రోడ్డులో సగముమేర ధాన్య మారబోసి, అంచున రాళ్లు పేర్చి, ఆడువారును పిల్లలును కావలి కూర్చుందురు. వారిని తప్పుపట్టుటకు వ్రాయలేదు. ఆరబెట్టుకొనుటకు వేఱు చోటు లేక చేయుపని యది.

ఒకనాటి మునిమాపున మా యత్తగారిని మిర్యాలగూడలో వైద్యునికి జూపి తిరిగి తీసికొని వచ్చుచుంటిని. కొంతకాలముగా నామెకు తల తిరుగుచుండెను. ఊరింక కొంతదూర మున్నదనగా, ధాన్యమున నోరుపెట్టిన మేకను తఱుముచు నొక బాలుడు హఠాత్తుగా కారున కడ్డము వచ్చెను. బ్రేకు గట్టిగా త్రొక్కితిని. త్రొక్కగనే పాదము క్రింద పెడలు, నాడి కొట్టుకొన్నట్లు, ఎగిరెగిరి పడజొచ్చెను. ఏదో విఱిగినదని బెదరి యొక్క రెప్పపాటు కాలు సడలించితిని. వెంటనే తెలివి తెచ్చుకొని మరల నదిమితిని. కారు ఆ బాలునికి మూడు మూరల దూరమున నిలిచెను. వాడు నవ్వుకొనుచు మేకవెంట పోయెను. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్రేకు పనిచేయుచునే యున్నది. కాని దాని యదురు నన్ను భయపెట్టి కాలు సడలింపజేసినది. ఇంకొక రెప్పపాటు సడలించి యున్నచో నేమై యుండెడిదో తలచుకొన్న నిప్పటికిని గుండె దడదడలాడును.

ఆ యదురు క్రొత్తది కాదు. ఆ యేడు మాఘమాసముననే మొదలైనది. ఇంటిలో చెప్పగా "పాతబండి గదా, అట్లే యుండును" అనిరి. పలుమాఱు చెప్పిన మీదట జ్యేష్ఠమున పట్టణములో నొక మరమ్మతుశాలకు పంపితిమి. వారు డిస్కును లేతుమీద చెక్కించి, క్రొత్త ప్యాడ్లు వేసి యిచ్చిరి. నాలుగు నెలలు బాగుగ నుండి ఆశ్వయుజమున మరల మొదలయ్యెను. రెండవసారి పోయినపుడు "మీరు కాలు మెల్లగా త్రొక్కవలెను" అని నాకే బుద్ధి చెప్పి పంపిరి. నేనును తల యూచి వచ్చితిని.

బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మన మేమి చేయుదుము? ఎప్పుడు వచ్చినది, ఎంతసేపున్నది, చెమట పట్టి దిగినదా, తిండి తినినదా యని గుర్తుంచుకొని వైద్యునికి చెప్పుదుము. కారు సంగతియు నట్లే వ్రాసికొన దలచి, పాలపద్దు పుస్తకమున వెనుక పుటలు కేటాయించితిని. వారము దినములలో నాలుగు సంగతులు తేలినవి.

మొదటిది: బ్రేకు త్రొక్కకుండ పోవునప్పుడు ఏ వేగముననైనను అదురు లేదు. చక్రముల బ్యాలెన్సింగు చెడినచో బ్రేకుతో పనిలేకయే కారు వణకవలెను.

రెండవది: 60 కిలోమీటర్ల వేగమున త్రొక్కినచో అదురు త్వరత్వరగా నుండును, కారు నెమ్మదించిన కొలది అదియు నెమ్మదించును. కావున అది చక్రముతోపాటు తిరుగు వస్తువునుండియే పుట్టుచున్నది.

మూడవది: పెడలుతోపాటు చేతిలోని స్టీరింగును అదరుచున్నది. ఇది ముందుచక్రముల దోషమునకు గుర్తు. వెనుకచక్రములదైనచో చేతికంటె కూర్చున్న సీటున నెక్కువగా తెలియును.

నాలుగవది: తెల్లవారగనే జనములేని తిన్నని పొడిరోడ్డుపై, మావారు ప్రక్కన గూర్చుండగా, మెల్లగా పోవుచు, హ్యాండుబ్రేకు బొత్తాము నొక్కిపట్టి కొంచెము కొంచెముగా లాగి చూచితిని. మా కారు హ్యాండుబ్రేకు వెనుకచక్రములనే పట్టును. అప్పుడు అదురు లేదు. వెనుక డ్రమ్ములయందు దోషము లేదని తేలినది. ఈ పరీక్షను వేగముగా పోవునప్పుడు గాని, తడిరోడ్డుపై గాని ఎవరును చేయరాదు.

ఇచ్చట నొక మాట చెప్పవలెను. క్రొత్తకార్లలో ఏ.బి.ఎస్. అను నేర్పాటు గలదు. మన దేశమున 2019 ఏప్రిలు నుండి క్రొత్తగా నమ్ము కార్లకు దీనిని తప్పనిసరి చేసిరి. ఆపదలో గట్టిగా త్రొక్కినపుడు చక్రము బిగుసుకొని జాఱకుండ నది యొత్తిడిని పలుమార్లు సడలించి బిగించును. అప్పుడు పెడలు అదరుట సహజము. బెదరి కాలు తీయరాదు. మా పాతకారున కా యేర్పాటు లేదు. పైగా మెల్లగా త్రొక్కినను అదరుచునే యుండెను.

ఈ పుస్తకము పట్టుకొని, మిర్యాలగూడలో రేకులషెడ్డున పనిచేయు నొక వృద్ధ మేస్త్రీవద్దకు పోయితిమి. ఆయన మావారిని చూచి సంగతి యడిగెను. మావారు నన్ను చూపిరి. నేను వ్రాసినదంతయు చదివితిని. ఆయన కళ్లద్దములు సవరించుకొని, "ఇన్నేండ్లల్ల బండి సంగతి రాసుకొచ్చినోళ్లను చూడలే బిడ్డా. సగం పని నువ్వే చేసినవ్" అనెను. మరమ్మతుశాలలో విన్న మాట అంతటితో నా మనస్సున మఱుగుపడినది.

పెడలు ఏల యదరునో ఆయనయే విడమరచి చెప్పెను. ముందుచక్రము లోపల పళ్లెమువంటి యినుపబిళ్ల తిరుగుచుండును. దానినే డిస్కందురు. పెడలు త్రొక్కగనే గొట్టములలోని బ్రేకు ఆయిలు ఆ యొత్తిడిని మోసికొనిపోయి, రెండు ప్రక్కల ప్యాడ్లచేత డిస్కును పట్టకారుతో పట్టినట్లు పట్టించును. మూసిన పాత్రలోని ద్రవమున నొకచోట గలిగిన యొత్తిడి అంతటను సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు పాస్కలు చెప్పిన సూత్రమే దీనికి మూలము. ఇట్టి డిస్కుబ్రేకునకు 1902లో ఇంగ్లాండున లాంచెస్టరు పేటెంటు పొందెను. 1953లో లెమాన్ పందెమున డిస్కుబ్రేకులుగల జాగ్వారు కారు గెలిచిన పిమ్మట దానికి ఖ్యాతి హెచ్చినది. మన పెద్దలెఱిగిన తొలి అంబాసిడరు కార్లకు నాలుగు చక్రములకును డ్రమ్ములే యుండెడివి. డ్రమ్ము గుండ్రదనము తప్పినను పెడలు అదరును.

డిస్కు ఒకచోట మందముగను మఱొకచోట పలుచగను నున్నచో, మందమైన భాగము వచ్చినపుడు ప్యాడ్లను వెనుకకు నెట్టును. ఆయిలు వెనుకకు వచ్చి పెడలును పైకెత్తును. పలుచని భాగము రాగనే పెడలు దిగును. చక్రము తిరిగిన ప్రతిమాఱును ఇట్లే జరుగును. నా పాదమునకు నాడివలె దోచినది ఇదియే.

మేస్త్రీ చక్రమూడదీసి, మైక్రోమీటరుతో డిస్కు చుట్టును ఎనిమిదిచోట్ల మందము కొలిచెను. ఎడమ డిస్కున హెచ్చుతగ్గు 0.03 మిల్లీమీటరు. తలవెండ్రుక మందమున సగమైనను లేదు! ఇంతమాత్రమునకే అంత యదురా యని నేనాశ్చర్యపడగా, "కంటికి తెల్వది బిడ్డా, కాలుకు తెలుస్తది" అనెను. పిమ్మట డయలు గేజి ఆనించి త్రిప్పగా, డిస్కు తిన్నగా తిరుగక 0.15 మిల్లీమీటరు అటునిటు నూగుచున్నట్లు ముల్లు చూపెను. కారునుబట్టి హద్దు మాఱునుగాని, సాధారణముగా 0.10 దాటరాదట. తుదకు డిస్కును కూడ నూడదీసెను. అది కూర్చుండు హబ్బుపై నొకప్రక్క మినపపొట్టు మందమున తుప్పు పొరలు కట్టి యుండెను.

నాకు వెంటనే మా వంటయింటి పీట జ్ఞాపకము వచ్చినది. పీటకాలి క్రింద నొక్క వడ్లగింజ చిక్కినచో పీట యంతయు నూగును. పీటను చిత్రికపట్టిన నేమి లాభము? గింజ తీయవలెను. మునుపటి వారు డిస్కును చెక్కిరి, ప్యాడ్లు మార్చిరి. గింజ నట్లే యుంచిరి. తుప్పుమీద కూర్చున్న డిస్కు ఒకప్రక్కకు వాలి తిరుగుచు, బ్రేకు త్రొక్కకున్నను ప్రతి చుట్టునందును ఒకేచోట ప్యాడును రాచుకొనును. కొన్నివేల కిలోమీటర్లు నడువగా నచ్చట నఱిగి మందము మాఱును. నాలుగు నెలలకు రోగము తిరుగబెట్టుటకు కారణ మిదియే. వేడికి డిస్కు వంకర పోయినదని పలువు రందురు గాని, పెక్కుసారులు జరుగునది యిట్టి యరుగుదలయో, కాగిన డిస్కుపై ప్యాడు పదార్థ మొకచోట మచ్చగా నంటుకొనుటయో యట. చక్రపు నట్లను ఒకటి బిగువుగను ఒకటి వదులుగను బిగించినను డిస్కు ఒఱగును. మా కారు నట్లును అట్లే యుండెను.

ఇక మరమ్మతు. హబ్బును తీగబ్రష్షుతోను ఉప్పుకాగితముతోను లోహము మెఱయువఱకు శుభ్రపఱచెను. పాత డిస్కుపై నింతకంటె పలుచ గారాదని హద్దు ముద్రించి యుండును. ఒకసారి చెక్కియున్నందున మరల చెక్కినచో ఆ హద్దునకు దిగువకు పోవును. కావున ముందుచక్రములు రెంటికిని క్రొత్త డిస్కులును క్రొత్త ప్యాడ్లును వేసెను. ఒకవైపే మార్చినచో కారు ఒకప్రక్కకు లాగును. క్యాలిపరు పిన్నులను తుడిచి, వేడికి కరగని గ్రీజు పూసెను. ఆ గ్రీజు డిస్కునకు గాని ప్యాడు ముఖమునకు గాని సోకరాదు. డిస్కును బిగించి మరల గేజి పెట్టగా ముల్లు 0.03 వద్ద నిలిచెను. కడపట నట్లను వరుసగాగాక ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగ, బిగువు కొలుచు పానాతో సమముగా బిగించెను.

క్రొత్త ప్యాడ్లు డిస్కుతో సరిపడవలెను గనుక, ఖాళీరోడ్డున 50 కిలోమీటర్ల వేగమునుండి, పూర్తిగా నిలుపక, పదిసారులు మెల్లగా వేగము తగ్గించుమని చెప్పెను. నడుమ నడుమ బ్రేకులు చల్లాఱుటకు వ్యవధి యీయవలెను. కాగిన బ్రేకును అదిమిపట్టి నిలుచుండరాదు. వేడి డిస్కుపై నీళ్లు పోయరాదు.

బ్రేకులను ఇంటిలో విప్పుడని నేను చెప్పను. అది తెలిసినవారి పని. పెడలు అదరక లోపలికి దిగిపోవుచున్నచో అది వేఱు దోషము, మిక్కిలి ప్రమాదము. ఆ కారును అడుగైనను నడుపరాదు. మనము చేయదగినది వేఱొకటి గలదు: మన పాదమునకు తెలిసినదానిని మాటలలో పెట్టి, పని చేయువానికి చెప్పి, "హబ్బు శుభ్రపఱచితిరా? ఊగు కొలిచితిరా?" యని యడుగుట.

తిరిగివచ్చునపుడు అత్తగారు నా ప్రక్కనే కూర్చుండిరి. ధాన్యపురాశులవద్ద బ్రేకు త్రొక్కితిని. పెడలు నిశ్చలముగా దిగినది. ఆమె కొంతసేపూరకుండి, "బండి మంచిగైంది. మరి నా తల తిరుగుడు గూడ ఆ పుస్తకంల రాయరాదు? దానికి గూడ మీరంత పాతదే గదా అంటున్నరు" అనిరి. నేను బదులు చెప్పలేకపోతిని. ఆమెకు తల తిరుగుచున్న దన్నప్పుడెల్ల "వయస్సు గదమ్మా" యని మేమనిన మాట నిజమే.

ఆ రాత్రియే వ్రాయుట మొదలిడితిని. ఉదయమున మాత్ర వేసికొన్న పిదప మంచముమీదినుండి లేచునపుడే తల తిరుగుచున్నదని పది దినములలో తేలినది. ఆ పుటలు చూచి వైద్యుడు మాత్రను మార్చెను. ఇప్పుడు పాలపద్దు పుస్తకమున వెనుక పుటలు నిండినవి. వేఱొక పుస్తకము కొంటిని.