పాత వైసులు

మా ఇంటి వెనుక వసారాలో పదకొండు బెంచి వైసులున్నవి. వాటిలో ఒక్కటి మాత్రమే నాకు అవసరం. నిజం చెప్పవలెనంటే అదీ అంత అవసరం కాదు. నేను లెక్కల మాస్టరుగా ముప్పయి రెండేండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడను. సుద్దముక్క తప్ప మరొక పనిముట్టు పట్టి ఎరుగను. అటువంటి వాడు అరవై ఏండ్లు దాటిన తరువాత పాత ఇనుము కొట్ల చుట్టూ తిరుగుతూ, ఇద్దరు మనుషులు ఎత్తితే గాని కదలని సరుకును రిక్షాలో వేసుకొని ఇంటికి తెస్తుంటే ఇరుగుపొరుగు నవ్వుకొనడంలో తప్పులేదు. "తపాలా బిళ్ళలు పోగుచేసేవారి ఇళ్ళలో గచ్చు పగలదు గదా" అని మా ఇంటావిడ అంటుంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. గచ్చు రెండు చోట్ల పగిలినది.

వైసు ఎరుగని పాఠకులుండవచ్చును. బల్ల అంచుకు బోల్టులతో బిగించిన రెండు ఇనుప దవడలు. ఒకటి కదలదు, రెండవది లావుపాటి మర తిరిగినకొద్దీ ముందుకూ వెనుకకూ జరుగుతుంది. ఆకురాయితో రాయవలసిన ముక్కనో, రంపంతో కోయవలసిన కడ్డీనో వాటి మధ్య పెట్టి పిడి తిప్పి బిగిస్తే ఫిట్టరుకు రెండు చేతులూ పనికి మిగులుతవి. ఇంతే. నన్ను మొదట ఆకర్షించినది ఇందులోని లెక్క. మర ఒక చుట్టు తిరిగినప్పుడు దవడ పావు అంగుళం జరుగుతుందనుకొందాము. పిడిని మర నడుమనుండి ఆరు అంగుళాల దూరాన పట్టి తిప్పితే, ఆ ఒక్క చుట్టులో చేయి సుమారు 38 అంగుళాల దారి తిరిగి వస్తుంది. అంటే చేతి బలం 150 రెట్లై దవడల మధ్యకు చేరవలెను. చేరదు. సగానికి పైగా ఒరపిడి తినివేస్తుంది. కాని అట్లా తినివేయడం వల్లనే, పిడి వదలిన తరువాత కూడా మర తనంత తాను వెనుకకు తిరగదు. సగం కంటె తక్కువ తినే మర అయితే వదలిన క్షణాన విడిపోవచ్చును. ముప్పయి రెండేండ్లు నేను పిల్లలకు ఒరపిడిని నష్టాల పద్దులోనే వ్రాయించినాను.

మాది హౌరా. కలకత్తాకు ఎదురుగా, హుగ్లీ నదికి పడమటి ఒడ్డు. ఈ ఊరిని ఒకప్పుడు తూర్పు దేశపు షెఫీల్డు అనేవారు. బెలిలియస్ రోడ్డు, దాని సందుగొందులు, ఒక్కొక్క రేకుల పాకలో ఒక లేతు, ఒక డ్రిల్లింగు యంత్రం, గోడ పొడవునా ఒక బల్ల, ఆ బల్లకు నాలుగైదు వైసులు. జనుప మిల్లుల విడిభాగాలు, రైలు వాగన్ల భాగాలు, నీటి పంపులు, తూకపు రాళ్ళు, అడిగినదెల్లా ఇక్కడ తయారయ్యేది. న్యూయార్కు వీధులలో పరచిన మాన్‌హోలు మూతలలో కొన్ని హౌరా పోతపనివేనన్న సంగతి మావాళ్ళు అతిథులకు తప్పక చెప్పుతారు, నేనూ చెప్పినాను. 1966-67లో రైల్వేలు వాగన్ల కొనుగోలు తగ్గించినప్పుడు ఈ పాకలకు మొదటి పెద్ద దెబ్బ తగిలినది. తరువాత జనుప మిల్లులు ఒకటొకటిగా నీరసించినవి. తాళాలు పడిన చోట యంత్రాలను కిలోల లెక్కన అమ్మినారు. లేతుకు కొనేవాడు దొరికేవాడు. వైసుకు ఎవరూ దొరికేవారు కారు. దానిని సమ్మెటతో పగులగొట్టి కుపోలా కొలిమిలో వేసేవారు. పోత ఇనుము పెళుసు గనుక నాలుగు దెబ్బలు చాలును.

నా మొదటి వైసును అటువంటి నాలుగు దెబ్బలకు ముందు కొన్నాను. జాలితో కాదు. కొట్టువాడు సమ్మెట ఎత్తినప్పుడు దాని పక్కన షెఫీల్డు అని పోతలో ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు కనిపించినవి. షెఫీల్డునుండి వచ్చి తూర్పు షెఫీల్డులో ఇట్లా పగలడమా అనిపించి చేయి అడ్డం పెట్టినాను. బడికి వేళ అవుతున్నది. తూకం వేయించి, డబ్బు ఇచ్చి, సాయంకాలం వచ్చి తీసుకొంటానని చెప్పి పరుగెత్తినాను. అది రికార్డు మార్కు వైసు; 1898లో షెఫీల్డులో స్థాపితమైన సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీ చేసినది. మూడవ నంబరు, నాలుగు అంగుళాల దవడ. మడ్డి గీకితే అడుగున వారి నీలి రంగు ఇంకా బతికే ఉన్నది.

ఆ తరువాత ఒకటొకటిగా చేరినవి. యార్క్‌షైరులోని షిప్లీలో పార్కిన్సన్ కంపెనీవారు చేసిన 'పర్ఫెక్టు' వైసు ఒకటి. దాని పిడి వెనుక ఒక చిన్న మీట ఉంటుంది. మీట నొక్కితే లోపలి సగం నట్టు మరనుండి తొలగిపోయి, దవడ సొరుగువలె ఒక్క లాగుతో బయటికి వస్తుంది. పిడిని ఇరవై చుట్లు తిప్పే శ్రమ లేదు. కమ్మరి కాలి వైసులు రెండు. వీటి ఒక దవడ కిందికి పొడవుగా కాలై నేలను తాకుతుంది, సమ్మెట దెబ్బ బల్లకు తగలక భూమిలోకి పోతుంది. చేత ఇనుముతో కొట్టి చేసినవి గనుక వంగుతవే గాని పగలవు; అయితే దవడలు అడుగున కీలు మీద తిరుగుతవి గనుక ఎక్కువగా తెరిస్తే సమానాంతరంగా నిలువక, పట్టిన ముక్క జారుతుంది. దవడ మీద ప్రభుత్వపు బాణపు గుర్తు ఉన్నది ఒకటి. చికాగోలో 1941లో ఆరంభమైన విల్టన్ కంపెనీ వైసులలో మర అంతా తుపాకి గుండు ఆకారపు గొట్టంలో దాగి ఉండి రజను చొరనీయదని చదివినాను. అది నా దగ్గర లేదు. కావలెనన్న కోరికా లేదు. ఈ చివరి మాట పూర్తిగా నిజం కాదు.

మిగిలినవి హౌరాలోనే పోసినవి. వాటికి పేరు లేదు. అచ్చు సరిగా కూడక పోత అంచులు మిగిలిపోయినవి, ఒకదానికి రెండు దవడలూ కొంచెం వంకర. విదేశీ వైసు పక్కన పెడితే పేదింటి చుట్టమువలె కనిపిస్తవి. కాని ఎక్కువగా అరిగినవి అవే.

ఇక బాగుచేయడం. తుప్పుపట్టిన మరను మొదట బలంతో తిప్పరాదు. నేను తిప్పి ఒక పిడి వంచుకొన్నాను. కిరసనాయిలు పోసి నాలుగు రోజులు వదలిపెట్టవలెను. కదలకపోతే నట్టు ఉన్న చోట మంట చూపి, వేడి మీద కొంచెం ముందుకు, కొంచెం వెనుకకు. ఓపిక ఉన్న కొలది కదులుతుంది. దవడలకు బిగించిన గట్టి ఉక్కు పలకల స్క్రూలు అన్నిటికంటె మొండివి. అవి విరిగితే బజారులో కొత్తవి సరిపోవు, ఏలననగా పాత ఇంగ్లీషు స్క్రూలు 1841లో విట్‌వర్తు ప్రతిపాదించిన కొలతలవి. వాటి పళ్ళ కోణం 55 డిగ్రీలు, ఈ కాలపు మెట్రిక్ స్క్రూలది 60. అయిదు డిగ్రీల తేడాతో ఒక పూట వ్యర్థమైనది. పాత రంగును పొడిగా గీకరాదు. అందులో సీసం ఉండవచ్చును, ఆ దుమ్ము ఊపిరికి విషం. తడిపి గీకవలెను.

లోతుగా పట్టిన తుప్పుకు ఒక ఉపాయమున్నది. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి బట్టల సోడా కలిపి, వైసు భాగాన్ని అందులో ముంచి, మోటారు బ్యాటరీకి విద్యుత్తెక్కించే పరికరంలోని రుణతీగను దానికి, ధనతీగను ఒక పనికిరాని ఇనుప రేకుకు తగిలించవలెను. స్టెయిన్‌లెస్ రేకు మాత్రం వాడరాదు, నీటిలోకి క్రోమియం విషం దిగుతుంది. బుడగలు లేస్తవి, అవి హైడ్రొజను గనుక గదిలో పెట్టరాదు, దగ్గర బీడీ కాల్చరాదు. మరునాటికి ఎర్రని తుప్పు నల్లని బురదవలె మెత్తబడి బ్రష్షుకు ఊడివస్తుంది, అడుగున ఇనుము ఏమాత్రం తరగకుండా. ఆ తొట్టినుండి భాగాన్ని పైకి తీసే క్షణం కోసమే నేనీ పని చేస్తున్నానని ఒప్పుకొనక తప్పదు. పగిలిన పోత ఇనుమును అతికించడం మాత్రం నాకు రాదు. దానిని ఇత్తడి మాటు వేసే ఒక కుర్రవానికి ఇస్తాను. అతడు ముక్కను ముందుగా వేడిచేసి, మాటు వేసి, తొందరగా చల్లారి మళ్ళీ పగలకుండా బూడిదలో పూడ్చిపెట్టుతాడు.

ఏడవ వైసు పేరులేనిది. మూతపడిన ఒక కార్ఖానాది. కదలని దవడ పక్కన, కిందుగా, సెంటరు పంచితో కొట్టిన గుంటలు రెండు వరుసలుగా ఉన్నవి. పని లేనప్పుడు ఎవడో ఆకతాయి కొట్టినవి కాబోలుననుకొన్నాను. అప్పటికి నా చేయి కొంత తిరిగినది, కొత్తగా ఒక చేతి గ్రైండరు కూడ కొన్నాను. ఆ గుంటలను సానపట్టి, మిగిలినవాటిని లప్పం నింపి, నున్నగా రుద్ది, ఆకుపచ్చ రంగు వేసినాను. అంత అందంగా అంతకుముందు ఏదీ కుదరలేదు. పిడి కొసన గుండు ఊడిపోయి, దాని స్థానంలో ఎవరో పెద్ద నట్టు బిగించి కొట్టి ఉన్నారు. దానికి బదులు దొరకక అట్లాగే వదలినాను.

కొట్టువాని ద్వారా తెలుసుకొని ఒక సాయంకాలం ఒక ముసలాయన వచ్చినాడు. వసారా గడపలో చెప్పులు విడిచి, పదకొండింటిలోనూ నేరుగా ఆ వైసు దగ్గరకే పోయి, పిడి కొసనున్న నట్టును పట్టుకొన్నాడు.

"ఇది నేను కొట్టినదే, మాస్టరుమశాయ్."

తరువాత ఆయన కుడిచేతి బొటనవేలు దవడ పక్కకు, కిందికి పోయినది. కన్ను అటు చూడలేదు. వేలు ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు రాసి ఆగినది.

"రంగు బాగా వేసినారు. కొత్తదానివలె ఉన్నది" అన్నాడు.

నేను అడిగితే చెప్పినాడు. ఏటేటా సెప్టెంబరులో విశ్వకర్మ పూజనాడు, ఇతర ప్రాంతాలలో దసరాకు ఆయుధపూజ చేసినట్లు, మా ఊరి కార్ఖానాలలో పని ఆపి పనిముట్లకు పూజ చేస్తారు; పిల్లలు మేడలమీద గాలిపటాలు ఎగరవేస్తారు. ఆనాడు బొట్టు పెట్టకముందు ఆయన ఆ దవడమీద ఒక చుక్క కొట్టేవాడు. ఏడాదికొక చుక్క. కార్ఖానా మూతపడినప్పుడు మిస్త్రీలకు రావలసిన పైకం పూర్తిగా రాలేదు, హాజరు పుస్తకాలు ఏమైనవో ఎవరూ చెప్పలేదు. ఆ చుక్కలను ఏ అధికారీ సాక్ష్యంగా తీసుకొనడని ఆయనకు తెలియకపోలేదు. అయినా ఒకసారి చూచుకొందామని వచ్చినాడు.

"ఎన్ని ఉన్నవో లెక్కపెట్టినారా?" అని అడిగినాడు. "ఇరవై ఆరో, ఇరవై ఏడో. నాకు తెగడం లేదు."

నేను లెక్కల మాస్టరును. లెక్కపెట్టలేదు.

"క్షమించు దాదా" అన్నాను. ఆయన నా మాట వినలేదో, వినదలచలేదో, మర తిప్పి చూచి, గ్రీజు కొంచెం ఎక్కువైనదన్నాడు. టీ త్రాగి వెళ్ళిపోయినాడు. వైసు తీసుకొనిపొమ్మన్నాను, ఉన్న ఒక్క గదిలో దీనిని ఎక్కడ పెట్టుకొంటానన్నాడు.

ఆనాటినుండి ఏ వైసు వచ్చినా, కిరసనాయిలు పోయకముందే దాని మీద పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్ది ప్రతి గంటునూ, ప్రతి చుక్కనూ అచ్చు తీస్తున్నాను. గ్రైండరు అటక మీద ఉన్నది. రంగు వేయడం మానివేసినాను. అవిసె నూనె పలుచగా పూసి వదలిపెట్టుతున్నాను. ఇది చూచి మా ఇంటావిడ, సగం పనిచేసి ఆపే అలవాటు నాకు మొదటినుండీ ఉన్నదంటుంది.

దాదా అప్పుడప్పుడు వస్తాడు. ఆకురాయి పట్టవలసిన పని ఏదైనా ఉంటే తానే చేస్తాడు, నన్ను ముట్టనీయడు. పని అయిన తరువాత ఇద్దరము లెక్కకు కూర్చుంటాము. 1971 డిసెంబరులో, యుద్ధపు రోజులలో, ఊరంతా దీపాలార్పిన రాత్రులలో పనిలో చేరినానని ఆయనకు స్పష్టంగా జ్ఞాపకమున్నది. కనుక మొదటి చుక్క 1972ది. మూతపడినది 1998లో. అది సెప్టెంబరుకు ముందైతే ఇరవై ఆరు, తరువాతనైతే ఇరవై ఏడు. ఆ ఏడు విశ్వకర్మ ప్రతిమకు కుమ్మరివానికి బయానా ఇచ్చినట్లు ఆయనకు జ్ఞాపకమున్నది; ప్రతిమ వచ్చినట్లు జ్ఞాపకం లేదు. ఒక పూజనాడు పెద్ద వాన పడి ఒక్క గాలిపటమూ లేవలేదంటాడు. అది ఆ ఏడో, అంతకు ముందటి ఏడో. తోటి మిస్త్రీ ఒకడు శిబ్‌పూరులో ఉన్నాడట, అతనికి తెలిసి ఉండవచ్చునట. వచ్చే ఆదివారం ఇద్దరమూ పోయి అడుగుదామనుకొంటున్నాము.