తాగుడు అలవాటు దాచితే మోతాదు తప్పుతుంది

ఆ లారీ డ్రైవరు కళ్లు పచ్చబడి వచ్చాడు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి. జ్వరం రావడంతో తాగుడు ఆపి, తిండి సయించక, మెడికల్ షాపులో కొన్న పారాసెటమాల్ 500 బిళ్లలు రోజుకు ఎనిమిది చొప్పున వేసుకున్నాడు. కాలేయ పరీక్షల్లో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ వేలల్లో ఉన్నాయి. "జ్వరం బిళ్లలే కదండీ!" అంది భార్య.

చాలా మందులను విడగొట్టేవి కాలేయంలోని సైటోక్రోమ్ పి450 ఎంజైములు. వాటిలో సివైపి2ఇ1 మద్యాన్ని కూడా విడగొడుతుంది, రోజూ తాగేవాళ్లలో పెరుగుతుంది. పారాసెటమాల్‌లో కొంత భాగాన్ని విషంగా మార్చేదీ ఇదే. ఆ విషానికి విరుగుడైన గ్లూటాథయోన్ తాగుడు వల్ల, పస్తుల వల్ల అడుగంటుతుంది. ఒంట్లో మద్యం ఉన్నంతసేపు ఎంజైము దాని పనిలోనే ఉంటుంది. తాగడం ఆపిన మొదటి రోజుల్లో ఆ పెరిగిన ఎంజైమంతా పారాసెటమాల్ మీద పడుతుంది. ఆ డ్రైవరుకు విరుగుడు మందు ఎన్-అసిటైల్‌సిస్టీన్ సకాలంలో ఎక్కించాం, కోలుకున్నాడు.

రిటైరైన ఓ మాస్టారిది మరో కథ. కాలేయం అప్పటికే గట్టిపడి సిర్రోసిస్‌కు వచ్చింది. తాగుడు మానాక చేతులు వణికి, నిద్రపట్టక, వేరేచోట రాసిచ్చిన డయజెపామ్ వాడారు. మత్తు దిగలేదు, మనుషుల్ని గుర్తుపట్టలేదు. డయజెపామ్‌ను విడగొట్టే సివైపి2సి19, సివైపి3ఎ4 సిర్రోసిస్‌లో తగ్గిపోతాయి. వేసిన ప్రతి బిళ్లా ముందటిదానికి తోడవుతుంది. లొరాజెపామ్ గ్లూకురోనైడేషన్ అనే వేరే దారిలో పోతుంది. ఆ దారి చాలావరకు నిలిచి ఉంటుంది కాబట్టి, ఇలాంటివారికి మేం దాన్నే ఎంచుకుంటాం, అదీ తక్కువ మోతాదులో.

మూత్రపిండాలకైతే క్రియాటినిన్ చూసి మోతాదు సవరించుకుంటాం. కాలేయ ఎంజైముల బలం చెప్పే అలాంటి ఒక్క పరీక్ష మా చేతిలో లేదు. బిలిరుబిన్, ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్, పొట్టలో నీరు, మాటలో తడబాటు చూసి అంచనా కడతాం. మిగతాది రోగి నోటి నుంచి రావాలి. "ఎప్పుడో పండక్కి, అంతే" అని ఇంట్లోవాళ్లు అబద్ధమాడేది పరువు కోసమే. కానీ మోతాదు ఆ మాట మీదే ఆధారపడుతుంది.

సిర్రోసిస్ ఉన్నవారు నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. రక్తస్రావం కావచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. వారికి పారాసెటమాలే మేలు, డాక్టరు సలహాతో, రోజుకు రెండు గ్రాములు దాటకుండా. డాక్టర్లమైన మేం కూడా తాగుడు గురించి అడిగేటప్పుడు గొంతులో తీర్పు వినిపించకూడదు. తిడతారన్న భయం లేనప్పుడే ఎవరైనా నిజం చెబుతారు.