ఇంట ఓడి రచ్చ గెలిచి...

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట ఓడిపోయి రచ్చ గెలిచినవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. అలాంటి ఘనుణ్ణి ఒకణ్ణి ఆ మధ్య న్యూజెర్సీలో చూశాను. ఎక్కడనుకున్నారు? మా చెల్లెలింట్లో, ఫ్రిజ్జులో, ఆవకాయ సీసా పక్కన!

కంగారుపడకండి. ఆ ఘనుడి పేరు సాకే. జపాన్ వాళ్ళు బియ్యంతో చేసే మద్యం.

భోజనాల దగ్గర మా మరిదిగారు ఆ సీసా బయటికి తీసి, "వదినగారూ, జపాన్ కంపెనీవాళ్ళు 2023లో ఇక్కడే న్యూయార్క్ రాష్ట్రంలో, హైడ్ పార్క్‌లో కార్ఖానా పెట్టి మరీ చేస్తున్నారు. ఉట్టి బియ్యం, నీళ్ళు. అన్నం లాంటిదే అనుకోండి" అన్నారు.

"అన్నమైతే పప్పు కలుపుకుని తినొచ్చుగా" అన్నాను.

చెల్లెలు నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకో దానికి తెలుసు.

మాది నెల్లూరు జిల్లాలో ఓ పల్లెటూరు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ పొద్దుగూకాక గిన్నె చెంగు చాటున పెట్టుకుని వచ్చి, "అమ్మా, కాసిని గంజి ఉంటే పొయ్యండి" అనేది. మొగుడి కూలి సారా కొట్టుకే సరిపోయేది మరి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని తెలిసిన రోజున ఆవిడ మొహం ఎలా వెలిగిపోయిందో, పదకొండేళ్ళ పిల్లనైనా నాకిప్పటికీ గుర్తే. మరుసటి ఏడు అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. అంచేత నా లెక్కలో తాగుడంటే ఇంట్లోంచి బియ్యం పోవడమే. ఈ జపాన్ వాళ్ళేమో ఏకంగా బియ్యాన్నే సీసాలోకి దించారు!

కోపమొచ్చినా, కథలు రాసేదాన్ని కదా, ఆరా తియ్యకుండా ఉండలేను.

బియ్యాన్ని బాగా పాలిష్ పట్టి, కడిగి, నానబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. దైగింజో అనే మేలురకానికైతే గింజలో సగానికి సగం అరగదీసేస్తారు. మా అమ్మ వింటే గుండెలు బాదుకునేది! కొంత అన్నం మీద కోజీ అనే బూజు చల్లుతారు. మన వంటింట్లో బూజు పడితే పారబోస్తాం. వాళ్ళు చంటిపిల్లని చూసుకున్నట్టు రాత్రిళ్ళు లేచి చూసుకుంటారు. ఆ కోజీ బియ్యంలోని పిండిని చక్కెర చేస్తూంటే, అదే తొట్టిలో ఈస్టు ఆ చక్కెరని మద్యంగా మారుస్తుంది. ఈ విద్యని 2024 డిసెంబరులో యునెస్కో మానవాళి వారసత్వాల్లో చేర్చింది.

ఇంత మర్యాద జరుగుతోందా, సొంతింట్లో మాత్రం ఆదరణ లేదు. జపాన్‌లో సాకే వాడకం 1970ల నాటితో పోలిస్తే దాదాపు నాలుగో వంతుకి పడిపోయింది. బీరూ, వైనూ వచ్చి పీట వేసుక్కూచున్నాయి. బయటేమో జపాన్ హోటళ్ళు పెరిగాయి, వాటి వెంట ఇదీ వెళ్ళింది. ఒకప్పుడు సుషీ పక్కన వేడివేడిగా ఇచ్చే చవక సరుకనుకున్నవాళ్ళే ఇప్పుడు చల్లగా వైన్ గ్లాసులో పోసుకుని వాసన చూస్తున్నారు. 2024లో 80 దేశాలకు 4,300 కోట్ల యెన్లకు పైగా విలువైన సాకే వెళ్ళిందట.

నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. సాకే తయారుచేసే పెద్దమేస్త్రీని 'తోజీ' అంటారు. ఇల్లాలనే అర్థం వచ్చే పాతమాట నుంచే ఆ పేరు పుట్టిందని కొందరంటారు. ఆ ఇల్లాలినే శతాబ్దాలపాటు సాకే వండే చోటికి రానివ్వలేదు. మైల అని ఒక సాకు! ఇప్పుడు హిరోషిమా ప్రాంతంలో ఇమదా మిహో అనే ఆవిడ తమ కుటుంబం కార్ఖానాలో తానే తోజీ. 2020లో బీబీసీవాళ్ళు ప్రకటించిన వందమంది మహిళల్లో ఆవిడ పేరుంది. గడప తొక్కొద్దన్న ఆడపిల్లే ఇవాళ ఆ ఇంటి పేరు నిలబెడుతోంది. ఇది మనకి తెలియని కథా చెప్పండి!

మర్నాడు రాత్రి సీసా మళ్ళీ బల్ల మీదికొచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మూత తియ్యగానే సారా కంపు రాలేదు. పండిన పండు వాసన, దాని వెనకాల అన్నం వార్చినప్పటి ఆవిరి లాంటిది. ఒక్క క్షణం మా అమ్మ వంటిల్లూ, గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆవిడా కళ్ళముందు మెదిలారు.

"జపాన్‌లో ఒక పద్ధతుంది వదినగారూ. ఎవరి కప్పు వాళ్ళు నింపుకోకూడదు. పక్కవాళ్ళే పొయ్యాలి" అన్నారు మరిదిగారు.

"ఎంత మంచి పద్ధతండీ!" అని, ఆయన చిన్న కప్పులో నేనే పోశాను. ఆయన తాగి, కప్పు మళ్ళీ నావైపు జరిపారు.

నేను సీసాకి మూత బిగించి, ఆవకాయ పక్కన పెట్టొచ్చాను.