మన సీటంట, మన డొంకేది?



పోయిన వారం భాగం చదివి గుంటూరులో డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ళది కాకుమాను వైపు పల్లె. "అన్నా, మనది ఎస్సీ సీటే గదా. 2009 నుంచి మనోళ్ళే గెలుస్తున్నారు. మరి మన పల్లెల్లో ఏం మారింది?" అని అడిగాడు. నాకు వెంటనే మాట రాలేదు. ఇదే ప్రశ్న మా అమ్మ నన్ను 2009లోనే అడిగింది. అప్పుడు కూడా నా దగ్గర జవాబు లేదు. ఈ వారం ఇద్దరికీ కలిపి రాస్తున్నా. కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

మా ప్రత్తిపాడు (గోదావరి వైపు ఇంకో ప్రత్తిపాడు ఉంది, అది కాదు, ఇది గుంటూరు ప్రత్తిపాడు) అప్పటిదాకా జనరల్ సీటు. మా చిన్నతనంలో ఎమ్మెల్యే అంటే మాకినేని పెదరత్తయ్య గారే. 1983 నుంచి 1999 దాకా ఐదు ఎన్నికల్లో వరసగా ఆయనే గెలిచారు. 2004లో రావి వెంకటరమణ గారు. తర్వాత పునర్విభజన జరిగి 2009 ఎన్నికలకి మాది ఎస్సీ రిజర్వుడు అయింది. అప్పటి నుంచి ఐదు సార్లు ఓటేశాం. 2009లో, 2012 ఉప ఎన్నికలో, 2019లో మేకతోటి సుచరిత గారు, 2014లో రావెల కిషోర్ బాబు గారు, 2024లో బూర్ల రామాంజనేయులు గారు. కాంగ్రెస్, వైసీపీ, టీడీపీ మూడూ అయిపోయినయ్.

2009లో ఎన్నికల ముందు మాకు కాయ కోతల రోజులు. అమ్మ పొద్దు గూకినాక ఇంటికొచ్చి చేతులకి కొబ్బరినూనె రాసుకుంటా కూర్చుంది. మిరపకాయ మంట ఎట్టా ఉంటదో కోసిన చేతులకే తెలుసు. రాత్రంతా పోదు. ఆ మంటలోనే అడిగింది.

"ఈసారి మన సీటంటగా పెద్దోడా?"

"అవునమ్మా. ఏ పార్టీ అయినా నిలబడేది మనోళ్ళే."

"మరి ఊళ్ళోవాళ్ళకి దిగులేం లేదేందిరా? ఇయ్యాల చేలో ఆసామి, ఇంకో ఇద్దరు నవ్వుకుంటా మాట్లాడుకుంటన్నారు. సీటు పోయిన మడుసుల్లాగా లేరే!"

నేను అప్పుడు పీజీలో చేరిన కొత్త. అంబేద్కర్ జయంతికి స్టేజి మీద మాట్లాడేవాణ్ణి. రాజ్యాంగం అధికరణలు నంబర్లతో సహా చెప్పేవాణ్ణి. అమ్మకి మాత్రం ఏం చెప్పలేకపోయా.

అమ్మ చూసింది నిజం. రిజర్వుడు సీటంటే నిలబడేవాడు మాత్రమే మనోడు. టికెట్ ఇచ్చేది పార్టీ. ఖర్చు పెట్టేది వేరేవాళ్ళు. ఓట్లేసేది అందరూ. మా పల్లెల ఓట్లు, మాలపల్లె, మాదిగపల్లె అన్నీ కలిపినా నియోజకవర్గంలో సగం కావు. అంటే మన ఓట్లన్నీ పడ్డా మనిషి గెలవడు. మన ఓట్లు సగం పోయినా గెలవొచ్చు. గెలిచినాయన ఎవరికి భయపడాలో ఈ లెక్కే చెప్తది. మనిషి మంచోడా చెడ్డోడా అన్నది ఆ తర్వాత సంగతి.

ఈ లెక్క ఇప్పటిది కాదు. 1932 ఆగస్టులో కమ్యూనల్ అవార్డు మనకి ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది, రాష్ట్రాల శాసనసభల్లో 71 సీట్లు. గాంధీ గారు యెరవాడ జైల్లో నిరాహార దీక్షకి దిగారు. సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం మీద బాబాసాహెబ్ సంతకం పెట్టాల్సి వచ్చింది. సీట్లు 71 నుంచి 148 అయినయ్, కానీ ఓటు ఉమ్మడిది అయిపోయింది. ఉన్న ఒక్క ఊరట ఏందంటే, ముందు మనవాళ్ళు మాత్రమే ఓటేసి నలుగురిని ఎంచుకోవాలి, ఆ నలుగురిలోంచే అందరూ ఒకర్ని గెలిపించాలి. అది కూడా పదేళ్ళకే. తర్వాత అదీ పోయింది. రాజ్యాంగం రాసిన మనిషే 1952లో బొంబాయిలో రిజర్వుడు సీట్లో ఓడిపోయాడు. 1954లో భండారా ఉప ఎన్నికలో మళ్ళీ ఓడిపోయాడు. మనవాళ్ళలో అంబేద్కర్ కంటే పెద్దోడు ఎవరున్నారు? ఆయన్నే గెలవనీయని లెక్క, మనూళ్ళో ఎవర్ని గెలిపిస్తదో ఆలోచించండి.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇన్ని భాగాలు రాసినా ఇది రాయలేదు. సిగ్గేసి రాయలేదు.

మా నాన్న వానాకాలంలో పోయాడు. మా శ్మశానానికి పోవాలంటే ఒక డొంక ఉంది. ఊరి పటంలో గీసి ఉన్న డొంక. మా తాతల్ని ఆ దారినే మోశారు. ఏడాదికి రెండు సాళ్ళు చొప్పున పక్క చేను ఆ డొంకని తినుకుంటా వచ్చి, నాన్న పోయేనాటికి అక్కడ పత్తి నిలబడి ఉంది. పాడె అక్కడ ఆగింది. "చేను తొక్కితే ఊరుకోను, కాలవ కట్ట మీద నుంచి పొండి" అన్నాడు చేలో ఆయన. కాలవ కట్టంటే చుట్టూ తిరగాలి. నల్లరేగడి వానకి నానితే ఎట్టా ఉంటదో మీకు తెలుసు, దిగిన కాలు పైకి రాదు. మావాళ్ళు కదలమన్నారు. ఊళ్ళో నుంచి పదిమంది వచ్చారు. తోసుకున్నారు. కబురు తెలిసి మాలపల్లె కుర్రాళ్ళు పరిగెత్తుకుంటా వచ్చి మా పక్కన నిలబడ్డారు. మాది మాదిగపల్లె. ఆ రోజు వాళ్ళు రాకపోతే ఏమయ్యేదో చెప్పలేను.

పోలీసులొచ్చారు. "చచ్చిన మనిషిని పెట్టుకుని గొడవేంది, సర్దుకుపోండి" అన్నారు. చివరికి నాన్నని కాలవ కట్ట మీద నుంచే మోశాం. రెండు సార్లు పాడె ఒరిగింది. ఒకసారి నా భుజం మీదే ఒరిగింది.

మర్నాడు టీ కొట్టు దగ్గర పేపర్ తీస్తే జోన్ పేజీలో మూలన నాలుగు లైన్లు. శ్మశాన దారి విషయంలో ఇరువర్గాల మధ్య వాగ్వాదం, పోలీసులు సర్దిచెప్పడంతో సద్దుమణిగింది అని. అంతే. చనిపోయినాయన పేరు లేదు. డొంక దున్నిందెవరో లేదు. ఏ పల్లెవాళ్ళో లేదు. శవాన్ని మోసేవాడూ, శవాన్ని ఆపినవాడూ ఇద్దరూ "వర్గాలే" అయ్యారు.

అప్పటి నుంచి నేను జోన్ పేజీ చదివే పద్ధతి మారింది. విద్యార్థి మిత్రులకి చెప్తున్నా, ఇది నేర్చుకోండి. "ఇరువర్గాలు" అని ఉన్నచోట ఆగండి. ఒక వర్గం ఆసుపత్రిలో ఉండి, ఇంకో వర్గం ఇంట్లో ఉంటే అది ఘర్షణ కాదు. "పాత కక్షలు" అంటే కులం పేరు మింగేశారని. "ఉద్రిక్తత" అంటే మనవాళ్ళు నోరు తెరిచారని. మనవాళ్ళు నోరు మూసుకున్న రోజుకి పేపర్ వాళ్ళు పెట్టిన పేరు "ప్రశాంతం".

నాన్న మూడో రోజు కాకముందే మా పల్లెలో చిన్న నాయకుడొకాయన ఇంటికొచ్చాడు. మనోడే. వరసకి నాకు బాబాయ్. "అబ్బాయ్, ఇది మన సీటు. ఇప్పుడు అట్రాసిటీ కేసంటే ఊరంతా ఒకటయిద్ది. మన పార్టీకి దెబ్బ. రాజీ చేసుకో" అన్నాడు. చూశారా? సీటు మనదైనందుకు కేసు పెట్టకూడదంట! శ్మశానం వాడుకోనీయకుండా అడ్డం పడితే నేరమని అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో స్పష్టంగా ఉంది. నాకు ఆ సెక్షన్ నోటికొచ్చు. అయినా రాజీ కాగితం మీద సంతకం పెట్టా. కర్మకాండకి అప్పు తెచ్చి ఉన్నా, చెల్లి పెళ్ళి దగ్గర పడింది, కోతలకి అమ్మ ఆ చేలల్లోకే పోవాలి. కారణాలన్నీ నిజమే. సంతకం కూడా నిజమే.

2019లో మా ఎమ్మెల్యే రాష్ట్రానికి హోం మంత్రి అయ్యారు. దళిత మహిళ, మా ప్రత్తిపాడు నుంచి. అమ్మ టీవీలో చూసి కళ్ళు తుడుచుకుంది. నేను కూడా గర్వపడ్డా, దాచుకోను. 2022 ఏప్రిల్ దాకా ఆమె ఆ పదవిలో ఉన్నారు. ఆ కాలంలోనే, 2020 జులైలో, సీతానగరం పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత కుర్రాడికి గుండు గీశారు. అదే నెలలో చీరాలలో మాస్కు లేదని పోలీసులు ఆపిన దళిత కుర్రాడు తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు, కొట్టబట్టే పోయాడని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఇదంతా ఆమె మీద వేయడానికి రాయట్లేదు. కుర్చీలో మన మనిషి కూర్చుంటే కింద స్టేషన్ దానంతటదే మారదని చెప్పడానికి రాస్తున్నా. కుర్చీలో ఉన్నా మనకి మర్యాద గ్యారంటీ లేదు. పక్కనే తాడికొండ ఎస్సీ సీటు. 2019లో అక్కడి ఎమ్మెల్యే ఉండవల్లి శ్రీదేవి గారు వినాయక చవితి మండపం దగ్గర తనని కులం పేరుతో అవమానించారని చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎమ్మెల్యేకే అట్టా అయితే పాడె మోసేవాడి సంగతేంది?

అయితే ఏమీ కాదా? అవుద్ది. అది కూడా చెప్పాలి. 2021 ఆగస్టు 15న గుంటూరులో ఒక దళిత బీటెక్ విద్యార్థినిని నడిరోడ్డు మీద పొడిచి చంపారు. జనం రోడ్డెక్కారు. 2022 ఏప్రిల్ కల్లా కోర్టు తీర్పు వచ్చింది, ముద్దాయికి ఉరి శిక్ష వేసింది. ఉరి మీద నా అభిప్రాయం వేరు, అది ఇంకోసారి. తొమ్మిది నెలల్లోపు విచారణ అయిపోయింది, అది చూడండి. ఇప్పుడు చుండూరు పక్కన పెట్టండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో. 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చుండూరు ఏ నియోజకవర్గంలో ఉందో తెలుసా? వేమూరు. అది కూడా 2009 నుంచి ఎస్సీ సీటే! హైకోర్టు తీర్పు వచ్చిన రెండు వారాలకి, మే 7న పోలింగ్. రక్తక్షేత్రం ముందు నుంచే ప్రచారం జీపులు పోయినయ్. ఒక చోట చంపినవాడు ఒంటరి కుర్రాడు. ఇంకో చోట చంపింది ఊరు. రాజ్యం ఎవరి విషయంలో తొందరపడిద్దో, ఎవరి విషయంలో నిదానిస్తదో అర్థం చేసుకోండి.

ఇంకో మాట. మా పల్లెల్లో కొంతమందికి నచ్చకపోవచ్చు. 1994 జులైలో మన ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. ముప్పై ఏళ్ళకి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025లో మన రాష్ట్రంలో రెల్లి ఉపకులాలకి ఒకటి, మాదిగలకి ఆరున్నర, మాలలకి ఏడున్నర శాతంగా విడగొట్టారు. ఇది న్యాయమని మొదటి నుంచి రాశా. కానీ ఈ పంపకం చదువులకి, ఉద్యోగాలకి. అసెంబ్లీ సీట్లకి కాదు. సీట్ల దగ్గర ఈసారి మాలకా మాదిగకా అని లెక్కేసి, మనల్ని ఎదురెదురు నిలబెట్టి టికెట్ ఇచ్చేది మళ్ళీ పైవాడే. ఆ పేరంటానికి పోయి మనం కొట్టుకోవద్దు. నాన్న పాడె దగ్గర మాలపల్లె కుర్రాళ్ళు నా కులం అడగలేదు.

మరి ఏం చేయాలి? తమ్ముడు అడిగింది ఇదే. సీటు వదిలేద్దామా? వద్దు. సీటుకి ఒక పని చట్టంలోనే రాసి ఉంది, అది అడుగుదాం. అట్రాసిటీ చట్టం 1995 నిబంధనల్లో 17వది చదవండి. ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ మానిటరింగ్ కమిటీ ఉండాలి. ఎమ్మెల్యేలు, ఎంపీలు దాంట్లో సభ్యులు. మూడు నెలలకి ఒకసారన్నా కూర్చోవాలి. 16వ నిబంధన ప్రకారం రాష్ట్ర కమిటీ ముఖ్యమంత్రి అధ్యక్షతన జనవరిలో, జులైలో కూర్చోవాలి. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఎమ్మెల్యేలందరూ దాంట్లో సభ్యులే. 29 మంది ఎస్సీలు, ఏడుగురు ఎస్టీలు. సమాచార హక్కు కింద కాగితం పెట్టండి. మీ జిల్లా కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? మీ ఎమ్మెల్యే ఎన్నిసార్లు వెళ్ళారు? ఏ కేసు గురించి మాట్లాడారు? మినిట్స్ ఇవ్వమనండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏప్రిల్ 14న దండ వేసిన ఫొటో మనకి వద్దు. ఆ మినిట్స్‌లో మన పల్లె పేరు ఉందా లేదా, అది చూద్దాం. ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా ఇదే అడుగుదాం.

ముందు నేను చేయాలి గదా. తమ్ముడి ఫోన్ పెట్టేసినాక ఆ డొంక కొలిచి హద్దు రాళ్ళు పాతమని అర్జీ రాశా. కింద పద్నాలుగు సంతకాలు. మాదిగపల్లెవి తొమ్మిది, మాలపల్లెవి ఐదు. రాజీ చేయించిన బాబాయ్ చాలాసేపు చూసి, ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. ఆయన కూడా అరవై దాటాడు మరి.

అర్జీ అమ్మకి చదివి వినిపించా. మొత్తం విని, "నేను పోయేలోపన్నా దారి పడుద్దంటావా?" అంది.

ఈసారి కూడా జవాబు చెప్పలేదు. అర్జీ ఇచ్చిన రసీదు మాత్రం చేతిలో పెట్టా. మడిచి, రేషన్ కార్డు కవరులో దాచుకుంది.

తర్వాతి భాగంలో సమాచార హక్కు కాగితం ఎట్టా రాయాలో నమూనాతో సహా పెడతా. మీ జిల్లా, మీ నియోజకవర్గం పేరు కింద రాయండి. జై భీమ్.