బాట పక్క పొద

మా తాతగారు దోర్నాల దగ్గర నల్లమల అంచున మేకలు కాచేవారు. వేసవి సెలవులు రాగానే నన్ను ఆయన దగ్గరకు పంపేవారు. సాయంత్రం లెక్కలో ఒక మేక తక్కువైతే నేను గుట్టవైపు పరుగెత్తేవాణ్ణి. ఆయన మాత్రం నోట్లో చుట్ట తీయకుండానే, “దూరం పోకురా, బాట పక్కన చూడు” అనేవారు. సంతరోజున జనం బాట వెంట పోతుంటే మంద బెదిరేది. పిల్లమేకలు చెల్లాచెదురుగా పరుగెత్తేవి. ముదురు పోతు మాత్రం పది అడుగులు పక్కకు జరిగి పొదలో నిలబడేది. జనమంతా దాటిపోయేదాకా చెవి కూడా కదిలించేది కాదు. ముప్పై అయిదేళ్ల తరువాత ఆ మాట నాకు అమెరికాలో, యూటా రాష్ట్రంలో ఒక కొండమీద పనికి వచ్చింది. ఆ సంగతి రాస్తున్నాను.

మా అబ్బాయికి పదమూడేళ్లప్పుడు విల్లుమీద మనసు పోయింది. పక్కింటి పెద్దాయన రైల్వేలో పనిచేసి విరమించినవాడు, చిన్ననాటినుంచి వేటగాడు. ఆయన పెరట్లో గడ్డిమోపుకు గురిపెట్టి బాణాలు వేస్తుంటే వీడు కంచె దగ్గర నిలబడి చూసేవాడు. తరువాత కంచె దాటాడు. మా ఆవిడకు ఇది బొత్తిగా నచ్చలేదు. “వీణ్ణి యాకోబులా పెంచుదామనుకుంటే ఏశావు అయ్యేటట్టున్నాడండీ” అనేది. నాకూ లోపల జంకుగానే ఉండేది. మన దేశంలో అడవి జంతువును వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్కడ అలా కాదు. జింకలు ఎన్ని ఉన్నాయో ప్రభుత్వం అంచనా వేసి, ఎన్నింటిని వేటాడవచ్చో నిర్ణయించి, దరఖాస్తు పెట్టినవాళ్లలో చీటీలు తీసి అనుమతి ఇస్తుంది. 1965 తరువాత పుట్టినవారెవరైనా ముందు వేట శిక్షణ తరగతికి పోయి పరీక్ష నెగ్గాలి. మావాడు అదీ నెగ్గాడు. 2019లో వాడి పేరు చీటీలో వచ్చింది. అప్పటికి వాడికి పదిహేనేళ్లు.

ఆ రోజులలో మా ఇద్దరికీ మాటలు సరిగా లేవన్న సంగతి దాచను. మార్కుల విషయమై నేను ఒకరోజు నలుగురి ముందు గట్టిగా అరిచాను. అప్పటినుంచి నేను ఏది అడిగినా “ఓకే” అనేవాడు. ఒకే కప్పు కింద ఉంటూ రోజుకు పది మాటలు కూడా జరిగేవి కావు. వేటకు పక్కింటి పెద్దాయన తీసుకుపోతాడని నిశ్చింతగా ఉన్నాను. తీరా వారం రోజులుందనగా ఆయన మెట్లమీద జారి మోకాలు దెబ్బతీసుకున్నాడు. ఆ వయసు పిల్లవాడి వెంట పెద్దవాళ్లు ఉండితీరాలని నియమం. వాడు తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. నేను తలుపు తట్టి, “నేను వస్తానురా” అన్నాను. “యూ?” అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది.

మేము పోయిన చోటు మాంటీ-లా సాల్ జాతీయ అరణ్యం. సాల్ట్ లేక్ సిటీకి దక్షిణంగా రెండు గంటలకు పైగా ప్రయాణం. కొండ కింద ఒక చిన్న పట్టణముంది, దాని పేరు ఎఫ్రాయిము. పలకమీద ఆ పేరు చూసి నేను సంతోషపడితే మావాడు వింతగా చూశాడు. అక్కడినుంచి మట్టిరోడ్డు కొండ నెత్తికి ఎక్కుతుంది. పైన స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు 10,000 అడుగులకు పైబడిన ఎత్తున శిఖరం వెంబడే సాగుతుంది. యూటాలో అరవై శాతానికి పైగా భూమి కేంద్ర ప్రభుత్వానిది. అంటే ఎవరి కంచే లేని భూమి. అనుమతి ఉన్న ప్రతివాడూ అక్కడ గుడారం వేసుకోవచ్చు, నడవవచ్చు, వేటాడవచ్చు. అందరిదీ కనుక అందరూ వస్తారు. ఆగస్టు మూడో శనివారం విల్లువేట మొదలవుతుంది. ముందురోజు సాయంత్రం మేము చేరేసరికి రోడ్డు పొడవునా లారీలు, గుడారాలు, నాలుగు చక్రాల చిన్న బండ్లు. తిరునాళ్ల జ్ఞాపకం వచ్చింది నాకు.

అక్కడి జింకను మ్యూల్ డియర్ అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. చెవులు అంత పెద్దవి గనుక ఆ పేరు. తోక కొస నల్లగా ఉంటుంది. మగదాని కొమ్ము పైకి పోయి రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ చీలుతాయి. ఏటా చలికాలంలో కొమ్ములు రాలిపోయి వసంతంలో తిరిగి మొలుస్తాయి. ఆగస్టులో వాటిమీద ఇంకా మెత్తని నూగుచర్మం ఉంటుంది. సెప్టెంబరు మొదట్లో చెట్లకు రాసి దాన్ని ఊడదీసుకుంటాయి. భయపడితే నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలను తన్ని బంతిలాగా ఎగిరి పోతాయి. తుపాకీ అయితే రెండు మూడు వందల గజాలనుంచి కాల్చవచ్చు. విల్లుకు అలా కాదు. మావాడికి పెద్దాయన పెట్టిన హద్దు ముప్పై గజాలు. అంతకన్నా దూరమైతే బాణం తీయవద్దని మాట తీసుకున్నాడు.

మొదటిరోజు చీకటితో లేచి శిఖరం ఎక్కాము. ఎక్కుతుంటే మాకు ముందూ వెనకా వరుసగా దీపాలు. ప్రతివాడి తలకూ ఒక లైటు. తెల్లవారేసరికి కింద లోయ గిన్నెలో ఏడు మగజింకలు మేస్తూ కనబడ్డాయి. మావాడి చేతిలో దుర్భిణి వణికింది. ఇంతలో ఎడమవైపునుంచి ఇద్దరు, ఎదుటి చరియనుంచి ముగ్గురు వాటివైపే పాకుతూ కనబడ్డారు. అరగంటలో జింకలు ఎవరికీ దక్కకుండా కొండ ఆవలికి పోయాయి. వాడు రాయిని తన్నాడు. రెండోరోజు జనానికి దూరంగా పోదామని ఆరు మైళ్లు నడిచాము. అక్కడ రెండు గుడారాలున్నాయి! దూరం పోదామనే ఆలోచన మా ఒక్కరికే రాలేదన్నమాట.

మూడోరోజు ఉదయం నా కాళ్లు లేవలేదు. వాడు ముఖం ముడుచుకొని కూర్చున్నాడు. ఎదుటి పచ్చికలో ఒక గొర్రెల మంద, దాని వెనక పెరూ దేశపు కాపరి. ఆ కొండమీద పోయిన శతాబ్దానికి ముందు గొర్రెలు అంతులేకుండా మేసి గడ్డి పోయి, వాన పడితే బురద వరదలై కింది పట్టణాలమీద పడేదట. దానిని పరిశీలించటానికే 1912లో ఎఫ్రాయిము పైనున్న లోయలో పరిశోధనా కేంద్రం పెట్టారు. ఇప్పుడు మందకూ లెక్క, రోజులకూ లెక్క. ఆ మందను చూస్తుంటే మా తాత, చుట్ట, సంతబాట అన్నీ జ్ఞాపకం వచ్చాయి.

“బాబూ, ఈ మనుషులంతా ఎక్కడెక్కడికి పోతున్నారో చూద్దాం. జింకల్ని తరువాత చూద్దాం” అన్నాను. వాడికి అర్థం కాలేదు. అయినా వేరే పని లేక కూర్చున్నాడు. గంటసేపు బండ్లను లెక్కపెట్టాము. పైరోడ్డుమీద పోయేవారంతా శిఖరం వైపు చూస్తున్నారు. కిందిరోడ్డు వారంతా దూరపు లోయకు పరుగు తీస్తున్నారు. రెండు రోడ్లకూ మధ్య, గుడారాలకు నాలుగువందల అడుగులైనా లేని చోట, ఉత్తరం వైపు వాలిన నిటారు చరియ ఒకటుంది. ఫర్ చెట్ల గుంపులు మూడు, కింద కొంచెం నీటి ఊట. దానివైపు ఎవరూ తల తిప్పటం లేదు. అది దగ్గర గనుక అక్కడేముంటుందనుకున్నారు అందరూ.

ఎదుటి తిప్పమీద చెట్టునీడలో కూర్చున్నాము. పెద్దాయన వాడికి చెప్పిన పాఠం ఒకటుంది: జింకను వెతకవద్దు, చెవిని వెతుకు, కొమ్ము కొసను వెతుకు, నిలువు చెట్లమధ్య అడ్డంగా ఉన్న వీపుగీతను వెతుకు. తెల్లవారుజామున మేసిన జింక పొద్దెక్కగానే నీడలో పడుకుంటుంది. నీడ జరిగితే లేచి, ఒళ్లు విరుచుకొని, నాలుగడుగులు నీడ వెంట జరిగి మళ్లీ పడుకుంటుంది. మేకలూ అంతే చేస్తాయి కదా! పదిన్నర దాటాక మావాడు నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఫర్ చెట్ల మొదట్లో ఒక చెవి ఆడింది. తరువాత కొమ్ము. తరువాత దాని పక్కనే ఇంకొకటి.

ఆ రోజు చెడగొట్టింది నేనే. ఉదయపు చల్లగాలి కొండమీదనుంచి కిందికి దిగుతుంది, ఎండ తగలగానే అదే గాలి పైకి లేస్తుంది. వాడు ఆగుదామని చెయ్యి చూపించాడు. నేను తొందరపడి కిందనుంచి పోదామన్నాను. అరవై గజాలుండగా గాలి నా మెడ వెనకనుంచి పైకి పోవటం నాకే తెలిసింది. జింకలు రెండూ లేచి, ఆ బంతి గెంతులతో చరియ దాటిపోయాయి. వాడు ఒక్క మాట అనలేదు. గుడారం దగ్గరకు వచ్చాక, “తప్పు నాదేరా, నీ మాట వినవలసింది” అన్నాను. వాడికి నేను అంతకుముందు ఎప్పుడైనా అలా చెప్పానా అని ఆలోచిస్తే జ్ఞాపకం రాలేదు. వాడు నేలమీద పుల్లతో గీతలు గీస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. తరువాత, “డాడీ, దే ఆర్ దగ్గర అని నీకెలా తెలుసు?” అని అడిగాడు. మా తాత సంగతి, మేకల సంగతి ఆ రాత్రి చెప్పాను. అంతవరకు చెప్పనే లేదు.

ఉద్యోగం ఉంది గనుక ఇంటికి వచ్చి, తరువాతి శనివారం మళ్లీ పోయాము. మొదటివారం సందడి తగ్గి సగం గుడారాలు లేవు. మేము అదే తిప్పమీద కూర్చున్నాము. తొమ్మిదిన్నరకు ఒక మగజింక కనబడింది. చిన్నదే, కొమ్ముకు రెండేసి చీలికలు. అక్కడి నియమం ప్రకారం కొమ్ము 5 అంగుళాలకన్నా పొడవుండాలి, దీనికి అంతకు చాలా ఎక్కువే ఉంది. ఈసారి గాలి స్థిరపడేదాకా ఆగి, చుట్టూ తిరిగి పైనుంచి దిగాము. వాడు చిన్న సీసాలోని పౌడరు చిటికెడు గాలిలో వదిలి చూసుకున్నాడు. బూట్లు విప్పి మేజోళ్లతో నడిచాడు. నేను ఇరవై అడుగుల వెనక కూర్చుండిపోయాను. డెబ్బై గజాలు దిగటానికి వాడికి గంటన్నర పైన పట్టింది. పైరోడ్డుమీద బండ్లు పోతూనే ఉన్నాయి, నవ్వులు కూడా వినబడుతున్నాయి. ఆ చప్పుళ్లకు జింక చెవి తిప్పేది, లేచేది కాదు.

నీడ జరిగింది. జింక లేచి ఒళ్లు విరుచుకుంది. ఇరవై నాలుగు గజాలు. వాడు విల్లు లాగటం చూశాను, బాణం చప్పుడు మాత్రమే విన్నాను. పెద్దాయన చెప్పినట్టు అరగంట కదలకుండా కూర్చున్నాము. ఆ అరగంట వాడి భుజం వణుకుతూనే ఉంది. నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ దిగితే ఎనభై అడుగుల కింద చెట్టుమొదట్లో పడి ఉంది. వాడు మోకాళ్లమీద కూర్చుని దాని మెడమీద చెయ్యివేసి ఏడ్చాడు. వద్దని నేను అనలేదు.

అనుమతి చీటీ దానికి కట్టాము. ఆగస్టు ఎండకు మాంసం తొందరగా చెడిపోతుంది. తినదగిన మాంసాన్ని అక్కడ వదిలిపెట్టటం కూడా నేరమే. వాడు కత్తి తీసి నావైపు చూశాడు. తరగతిలో చెప్పారేగాని చేతితో చేసింది లేదు. తాత మేకను ఒలుస్తుంటే కాలు పట్టుకున్నది నేను. ఇప్పుడు వాడు కాలు పట్టుకున్నాడు, నేను ఒలిచాను. నా చేతులకు ఇంకా జ్ఞాపకముందని నాకే తెలియదు. పలచని గుడ్డసంచులలో నింపి నాలుగుసార్లు ఎక్కిదిగాము. రోడ్డుమీద ఒకాయన బండి ఆపి, “ఎంత దూరంనుంచి మోసుకొస్తున్నారు?” అని అడిగాడు. మావాడు వేలితో కిందికి చూపించాడు. ఆయన కిందికీ మావైపుకూ మార్చి మార్చి చూశాడు.

వెనకతొడ ఒకటి పక్కింటి పెద్దాయనకు ఇచ్చాము. ఆయన కర్ర పట్టుకొని గుమ్మంలో నిలబడి, ఎక్కడ, ఎలా అని మావాణ్ణి మూడుసార్లు చెప్పించుకున్నాడు. మా ఆవిడ రెండురోజులు ఆ మాంసంవైపు చూడలేదు. మూడోరోజు అల్లం వెల్లుల్లి నూరింది, ధనియాలు వేయించింది. భోజనాల దగ్గర ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాము. మావాడు రెండోసారి వడ్డించుకుంటూ, “డాడీ, తాతయ్య మేకకు, ఆ పొదలో నిలబడేదానికి, పేరుందా?” అని అడిగాడు.

“ఉంది. దొర అని పిలిచేవారు” అన్నాను. “పిలిస్తే మాత్రం వచ్చేది కాదు.”