నారుమడి

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలారన్న వార్త వినగానే మిర్యాలగూడ ప్రాంతపు రైతు దృష్టి నారుమడి మీదకు మళ్లుతుంది. పొలంలో ఒక మూల చిన్న మడి కట్టి, మొలకెత్తిన విత్తనాలు చల్లి, పిట్టలు వాలకుండా అతడు కాపు కాస్తాడు. ఆ మడిని చూచి మురిసిపోయేవారు అరుదు. పండిన చేనునే లోకం మెచ్చుకుంటుంది. కాని ఆ పంట భవితవ్యం చాలావరకు నిర్ణయమయ్యేది ఆ మూలమడిలోనే. ఆటల జట్ల సంగతీ ఇంతే.

తెలుగు పల్లెలు చెడుగుడు అని పిలుచుకున్న కబడ్డీ ఖరీదైన పరికరాలేవీ కోరని క్రీడ. నేల మీద గీసిన గీతలు, నిండు ఊపిరి, తోడుగా ఆరుగురు మిత్రులు ఉంటే చాలు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో పతక క్రీడగా స్థానం పొందిన ఈ ఆట, 2014లో ప్రొ కబడ్డీ లీగ్ ప్రారంభంతో టెలివిజన్ ద్వారా ఇంటింటికీ చేరింది. తొలి ఎనిమిది జట్లలో తెలుగు టైటాన్స్ ఒకటి. 2015లో ఆ జట్టు మూడవ స్థానంలో నిలిచి తెలుగువారిని అలరించింది.

తరువాత గడ్డుకాలం వచ్చింది. 2021-22లో టైటాన్స్ ఆడిన 22 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. 2022లో గెలుపులు రెండు. 2023 వేలంలో యాజమాన్యం పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తీసుకుంది. అప్పటివరకు లీగ్ చరిత్రలో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. అయినా ఆ ఏడాదీ రెండు విజయాలే దక్కాయి. జట్టు మళ్లీ అట్టడుగునే మిగిలింది. ఇది ఆ క్రీడాకారుని లోపం కాదు, ఆట స్వభావం. కూతకు వెళ్లేవాడు ఒంటరిగానే వెళతాడు. కాని పట్టుబడి బయట కూర్చున్నవాడు తిరిగి బరిలోకి రావాలంటే సహచరులు ప్రత్యర్థిని ఔట్ చేయాలి. ఎంతటి వీరుడైనా తనను తాను బతికించుకోలేడు.

అదే కాలంలో పుణేరి పల్టన్ మరొక మార్గం పట్టింది. 2021-22లో అస్లమ్ ఇనాందార్, మోహిత్ గోయత్ వంటి కొత్త యువకులను బరిలోకి దింపింది. 2022 ఫైనల్లో జైపూర్ చేతిలో 33-29 తేడాతో ఓడింది. ఓడినందుకు ఆ నారును పీకివేయలేదు. మరుసటి ఏడాది ఇరాన్ ఆటగాడు షాద్లూయీని 2 కోట్ల 35 లక్షలకు తీసుకున్న మాట నిజమే. అయితే అది అప్పటికే ఏపుగా ఎదిగిన పైరుకు వేసిన ఎరువు. 2024 మార్చి 1న హైదరాబాదులోని గచ్చిబౌలిలో హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి ఆ జట్టు తొలిసారి విజేత అయింది. సొంత జట్టు అట్టడుగున ఉండగా, సొంత గడ్డపై మరొకరి ఓర్పు ఫలించడాన్ని తెలుగు ప్రేక్షకులు చూచారు. పవన్ వేరే జట్టుకు వెళ్లిన తరువాత, 2025లో టైటాన్స్ ఫైనల్‌కు ఒక్క అడుగు దూరం వరకు రాగలిగింది.

నారుమడి విలువ తెలియని ప్రాంతం కాదిది. 2021 మార్చిలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు సూర్యాపేట ఆతిథ్యమిచ్చింది. పేరు మోసిన వీరులెవరూ లేని ఆ పోటీలను చూడటానికి జనం తండోపతండాలుగా వచ్చారు. మార్చి 22న, ఆట మొదలు కాకముందే, ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. పిల్లల ఆటపై ప్రజలకు ఎంత మక్కువ ఉందో ఆ సాయంకాలం చాటింది. ఆ మక్కువను మోయవలసిన ఏర్పాట్లు ఎంత గట్టిగా ఉండాలో కూడా అదే సాయంకాలం కఠినంగా చెప్పింది.

ఇరవై ఏళ్ల లోపు వయస్సు, నిర్ణీత పరిమితికి మించని బరువు: జూనియర్ బాలుర విభాగానికి ఇవి హద్దులు. కోదాడలోనో, మిర్యాలగూడలోనో కళాశాల విడిచాక మైదానానికి పరుగెత్తే విద్యార్థికి ఈ అంకెలు కంఠస్థమే. అతని తల్లిదండ్రులకు మాత్రం పరీక్షల తేదీలే కంఠస్థం. మోకాలు దెబ్బతింటే ఏమిటన్నది వారి భయం. ఆ భయం అర్థం లేనిది కాదు.

పోలిక ఆగవలసింది ఇక్కడే. నాటగా మిగిలిన నారు గట్టు మీద వాడిపోతుంది, రైతు దానికై దుఃఖించడు. పిల్లలు నారు కారు. మైదానంలోకి దిగిన నూరుమందిలో ఏ ఒక్కరో పెద్ద జట్టుకు చేరవచ్చు. తక్కిన తొంభై తొమ్మిది మందికి చదువు, ఆరోగ్యం, ఆత్మగౌరవం మిగలాలి. వారిని చేయి విడువని శిక్షణే నిజమైన శిక్షణ. గెలిచిన జట్టును చప్పట్లతో సన్మానించడం తేలిక. ఇంకా గెలవని పిల్లవానికి చదునైన నేల, చేతిలో పుస్తకం, ఓడినప్పుడు ఒక మంచి మాట అందించడమే కష్టం. ఆ కష్టానికి ఓర్చుకున్న ఊరే రేపటి జట్టును తీర్చిదిద్దుతుంది.